తెడ్డు పట్టిన చెయ్యి

విభూది బుధవారం వెళ్లాక వచ్చిన మొదటి శనివారం, ఎదురింటి పెద్దావిడ దోన్యా సోయిలా మా పిన్ని బ్యూటీ పార్లర్‌లో తల తడిసి ఉండగానే కుర్చీలోంచి లేచిపోయింది.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఆసువా ఊళ్లో మా ఇంటి ముందుగదిలోనే బెల్కిస్ పిన్ని పార్లర్ నడిపేది. తలలు కడగడం నా పని. శనివారం వచ్చిందంటే వీధిలో ఆడవాళ్లంతా రోలర్లు చుట్టించుకుని డ్రయ్యర్ల కింద కూర్చుని, ఎవరింట్లో ఏం జరిగిందో అరిచి మరీ చెప్పుకునేవారు. మధ్యలో కరెంటు పోతే ఆ మాటలు బజారు దాకా వినిపించేవి.

నా వేళ్ల మీద బొల్లి పదిహేనో ఏట మొదలైంది. ముందు గోళ్ల చుట్టూ వచ్చింది, తర్వాత కణుపుల మీద, ఆ తర్వాత పెదవి పక్కన, పౌడరుకి దాగేంత. పంతొమ్మిది వచ్చేసరికి రెండు చేతులూ మణికట్టు దాకా తెల్లబడ్డాయి. నా అసలు నలుపు మధ్యలో అక్కడక్కడా మిగిలింది. రాజధానిలో డాక్టరు చూసి, "ఇది అంటుకునేది కాదు, ప్రాణం తీసేది కాదు, పోయేదీ కాదు" అన్నాడు. మూడు ముక్కల్లో చివరిదొక్కటే మా పిన్ని చెవికెక్కింది. పిన్ని నాకు పసుపుపచ్చ రబ్బరు తొడుగులు కొనిపెట్టింది. పార్లర్‌లో తొడుగులు మామూలే కదా, ఎవరూ అడగరు అంది. నిజంగానే ఎవరూ అడగలేదు. మోచేతుల దాకా చెమటలో నానుతూ నాలుగేళ్లు తలలు కడిగాను.

ఆ శనివారం కుడిచేతి తొడుగు బొటనవేలి దగ్గర చిరిగింది. నేను చూసుకోలేదు. నురగ కళ్లలో పడకుండా సోయిలా నుదురు తుడుస్తుంటే ఆవిడ చూసింది.

"ఏమిటే అది?"

"ఏం లేదు దోన్యా. మచ్చ."

"మచ్చని నాకూ కనిపిస్తోంది. ఆ చేత్తోనేనా ఇంతసేపూ నా తల రుద్దింది?"

పిన్ని డ్రయ్యర్ వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "అంటుకోదు దోన్యా, ఒట్టు. డాక్టరు రాసిచ్చాడు. కాగితం ఉంది, చూపిస్తా ఉండండి."

"ఆ కాగితం నువ్వే తలకి చుట్టుకో బెల్కిస్" అని సోయిలా తువ్వాలు భుజాన వేసుకుని, నీళ్లు కారుతున్న జుట్టుతోనే వీధి దాటి వెళ్లిపోయింది. డ్రయ్యర్ల కింద ఉన్నవాళ్లంతా నా చిరిగిన తొడుగు వైపే చూశారు.

సోయిలా చెడ్డమనిషైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మా తాత పోయినప్పుడు తొమ్మిది రోజుల ప్రార్థనలకీ వచ్చినవాళ్లందరికీ కాఫీ కాచిపోసింది ఆవిడే. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మమ్మతో పాటు మంచం పక్కన కూర్చుంది ఆవిడే. అలాంటి మనిషి నా వేలు తగిలిందని లేచిపోయింది. నా చెయ్యి మీద నాకే అసహ్యం పుట్టింది. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, అది నిజం.

పిన్ని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సోమవారం పొద్దున, "నువ్వు పెరట్లో తువ్వాళ్లు ఉతుకుతూ ఉండమ్మా కొన్నాళ్లు. గొడవ సద్దుమణగనీ" అంది. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ పెరట్లోనే, నేను పారబోసిన సబ్బునీళ్ల మీద కాలు జారి అమ్మమ్మ పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టి ఐదు వారాలు కదపొద్దన్నారు. ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో అమ్మమ్మ నొప్పి గురించి మాట్లాడలేదు. వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది.

"పవిత్ర గురువారానికి కట్టు విప్పుతారు. కానీ తెడ్డు పట్టలేను" అంది.

మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఏమిటో చెప్పాలి. విభూది బుధవారంతో మొదలై గుడ్ ఫ్రైడే వారం దాకా సాగే తపస్సు కాలంలో ఎర్ర చిక్కుడు గింజల పాయసం చెయ్యని ఇల్లు మా దేశంలోనే ఉండదు. గింజలు ఉడకబెట్టి, మెత్తగా నలిపి, గుడ్డలో వడగట్టి, కొబ్బరిపాలూ ఆవుపాలూ పోసి, పంచదారా చిలగడదుంప ముక్కలూ ఎండుద్రాక్షా దాల్చినచెక్కా లవంగాలూ వేసి చిక్కబడేదాకా తిప్పాలి. ప్రతి ఇల్లూ చేస్తుంది, ప్రతి ఇల్లూ పక్కింటికి పంపుతుంది. కానీ గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది మా ఇంటికి. మా ఫేమా అమ్మమ్మ చేతికి ఎముక లేదు. నలభై ఏళ్లుగా పెరట్లో మూడు రాళ్ల మీద పెద్ద గుండిగ పెట్టి అందరికీ పోసింది.

దానికో నియమం ఉంది. గుండిగలో తెడ్డు పెట్టిన చెయ్యే చివరిదాకా తిప్పాలి. మధ్యలో చెయ్యి మారితే పాలు విరుగుతాయి. ఇది మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. పరీక్షించి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. అందుకే పాయసం తాగేముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: చెయ్యి ఎవరిది?

ఆ ఏడు ఆ ప్రశ్నకి జవాబు వెతకడం మొదలుపెట్టింది అమ్మమ్మ. తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం ఒక చిన్న గిన్నెడు చేయించి చూసేది. ముందు పిన్ని వంతు. పిన్ని తెడ్డు పట్టుకుని, గోడవతల వాళ్లతో మాట్లాడుతూ, ఎవరో ఏదో అంటే తెడ్డు ఎత్తి చూపిస్తూ జవాబు చెబుతూ తిప్పింది. పాలు విరిగాయి. రెండో శుక్రవారం కూడా విరిగాయి.

"నీకు నోరాగదు, చెయ్యాగుతుంది. తిరగాల్సింది ఏదో నీకు ఎప్పటికీ తెలీదే బెల్కిస్" అంది అమ్మమ్మ.

"నా వల్ల కాదమ్మా. ఈ ఏడు మానేద్దాం. చెయ్యి విరిగిందని చెబుదాం, ఎవరైనా అర్థం చేసుకుంటారు."

"అర్థం చేసుకుంటారు. వచ్చే ఏడు ఇంకో పెరటికి వెళతారు. గిన్నెలు ఒకసారి దారి మారితే మళ్లీ రావు."

మూడో శుక్రవారం అమ్మమ్మ నన్ను పిలిచింది. నేను తువ్వాళ్లు ఆరేస్తున్నాను. వచ్చి తెడ్డు పట్టుకోమంది. నేను లోపలికి వెళ్లి తొడుగులు వేసుకొచ్చాను.

"అవెందుకు?"

"ఎందుకేమిటి అమ్మమ్మా, తెలీదా?"

"నాకు తెలిసింది ఒకటే. వేడికి రబ్బరు వాసన పాయసంలోకి దిగుతుంది. తీసెయ్."

తీశాను. నాలుగేళ్లలో ఇంట్లోవాళ్ల ముందు కూడా పగటి వెలుగులో ఎక్కువసేపు ఉంచని చేతులు. మంట వెలుగులో తెలుపు ఇంకా తెల్లగా కనిపించింది. అమ్మమ్మ నా చేతులకేసి చూడలేదు, తెడ్డుకేసి చూసింది. "అడుగు తగలాలి. ఎనిమిది అంకె వేసినట్టు తిప్పు. తొందర పడకు. పొంగు వస్తుంటే తెడ్డు ఆపకు, కట్టె ఒకటి లాగు." గంటసేపు తిప్పాను. పాలు విరగలేదు. అమ్మమ్మ ఒక చెంచా నోట్లో వేసుకుని, "దొరికింది" అంది.

ఆ రోజు నేను ఎంత సంతోషించానో చెబితే నవ్వుతారు. తువ్వాళ్ల తీగ దగ్గరికి వెళ్లి, తడి తువ్వాల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఆ సంతోషం రాత్రి భోజనాల దాకా కూడా నిలవలేదు. పిన్ని పళ్లెంలో అరటికాయ ముద్ద కెలుకుతూ, తినకుండా, "వీధికేం చెబుదాం?" అంది.

"ఏం చెప్పాలి?" అన్నాను నేను.

పిన్ని నా వైపు కాక అమ్మమ్మ వైపు చూసింది. "అమ్మా, సోయిలా ఒక్కతే కాదు. ఆ శనివారం నుంచి నలుగురు పార్లర్‌కి రావడం మానేశారు. ఇప్పుడు పాయసం దీని చేతిదని తెలిస్తే ఒక్క గిన్నె రాదు. చేసిందంతా పారబోసుకోవాలి."

అమ్మమ్మ నావైపు మాట్లాడుతుందనుకున్నాను. కట్టు మీద ఎడమచెయ్యి వేసుకుని ఆలోచించి, "కట్టు విప్పేస్తారుగా" అంది. "నేనే తిప్పానని చెబుదాం. గేటు వేసుకుని చేద్దాం. వాళ్లు తాగుతారు, పోతారు. ఎవరి కడుపులో చల్ల కదలదు."

"నా కడుపులోది?" అన్నాను.

"నీకు తెడ్డు ఇచ్చానుగా నూరిస్. పేరు కూడా కావాలా?"

మా అమ్మమ్మ నన్ను ప్రేమించిన మాట నిజం. ఆ మాట అన్నదీ నిజమే. నేను లేచి పళ్లెం కడుక్కున్నాను.

గుడ్ ఫ్రైడేకి ముందురోజు, పవిత్ర గురువారం తెల్లవారకముందే గుండిగ ఎక్కించాం. పిన్ని గేటుకి లోపలి నుంచి తాళం వేసి, పైన దుప్పటి కప్పింది. పొగకి కళ్లు మండుతుంటే గింజలు నలిపాను, వడగట్టాను, పాలు పోశాను, తెడ్డు పెట్టాను. ఆ క్షణం నుంచి వదలకూడదు. పది గంటలకి భుజం మొద్దుబారింది. అమ్మమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతూనే ఉంది, తిడుతూనే ఉంది. నేను ఒళ్లు మరిచిపోయాను. నా చేతులు ఏ రంగులో ఉన్నాయో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అప్పుడు గేటు చప్పుడైంది.

"ఫేమా! నేనే, సోయిలాని. గిన్నె ఇచ్చిపోదామని వచ్చా. రేపు చేపల పనిలో మర్చిపోతానేమోనని."

పిన్ని మొహం పాలిపోయింది. "తియ్యకపోతే అనుమానం వస్తుంది" అని గొణిగి, నా భుజం పట్టుకుని వంటింట్లోకి తోసి, తాళం తియ్యడానికి వెళ్లింది. అమ్మమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, ముందురోజే కట్టు విప్పిన చేతిని తెడ్డు మీద ఆనించింది. తిప్పలేదు. తిప్పే బలం లేదు, తిప్పితే చెయ్యి మారినట్టే.

నేను వంటింటి తలుపు చాటు నుంచి చూస్తున్నాను. సోయిలా లోపలికొచ్చి, గిన్నె పెట్టి, వెళ్లకుండా నిలబడి మాట్లాడుతోంది. చేపల ధర, ఫాదర్‌గారి మోకాలు, కోడలి బద్ధకం. గుండిగలో బుడగలు నెమ్మదిగా లేచి పగులుతున్నాయి. ఇంకో రెండు నిమిషాలైతే అడుగంటుతుంది.

"ఏం ఫేమా, తిప్పవేం?"

"ఊపిరి తీసుకోనీవే తల్లీ. నలభై ఏళ్లు తిప్పాను."

"నీ మనవరాలు లేదా?"

"తువ్వాళ్లు" అంది పిన్ని చటుక్కున.

సోయిలా వెళ్లగానే పరిగెత్తుకొచ్చి తెడ్డు అందుకున్నాను. అడుగు పట్టుకుంటోంది. మెల్లగా, గీకకుండా, పైకి తెచ్చాను. నిలబడింది. నేను వండుతున్న గుండిగ దగ్గర కనబడకూడదని భయపడి నా వంటింట్లోనే దొంగలా దాక్కున్నాను. సోయిలా నన్ను చూసి లేచిపోయిన రోజు కూడా ఇంత చిన్నతనం అనిపించలేదు. ఆ రోజు నన్ను కాదన్నది ఆవిడ. ఈ రోజు నన్ను లోపలికి తోసింది మావాళ్లు. వెళ్లింది నేను.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఎండకి గోడలు కాలుతున్నాయి. వీధిలో ఒక్క పొయ్యి వెలగదు, ఒక్క రేడియో మోగదు. చర్చి నుంచి జనం తిన్నగా మా పెరట్లోకి వచ్చారు. అమ్మమ్మ నల్లబట్టలు కట్టుకుని గుండిగ పక్కన కూర్చుంది. పిన్ని గరిటెతో పోస్తోంది, పైన పాల బిస్కెట్లు వేస్తోంది. నన్ను వెనక కొళాయి దగ్గర గిన్నెలు కడగమంది.

అక్కడి నుంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అదే చెయ్యి! విరిగి అతికినా రుచి మారలేదు!" అంటున్నారు ఎవరో.

"ఈసారి ఇంకా చిక్కగా కుదిరింది ఫేమా" అన్నాడు దోన్ తియోఫిలో. మూలమీద కొట్టు ముందు రోజంతా డామినోలు ఆడే ముసలాయన. ఓడిపోయినప్పుడు తప్ప నోరు విప్పడని పేరు.

గిన్నెలు చాలలేదని పిన్ని కేకేసింది. కడిగినవి ఆరు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వచ్చాను. చేతులు తడిగా ఉన్నాయి. తొడుగులు లేవు. వేసుకోవాలని గుర్తు రాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది. కొళాయి పక్కనే ఉన్నాయి. వదిలేసి వచ్చాను.

అప్పుడే సోయిలా వంగి అమ్మమ్మ కుడిచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. "మా ఆయన పోయాక నాకు ఈ రోజున ఏదీ గొంతు దిగదు ఫేమా. నీ పాయసం ఒక్కటే దిగుతుంది. ఈ చెయ్యి నూరేళ్లు చల్లగా ఉండాలి."

అమ్మమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆవిడ తల మీదుగా నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. ఊరుకోమని కావచ్చు. నీ ఇష్టమని కావచ్చు.

ఊరుకుంటే ఏమీ కాదు. అందరూ తాగుతారు, వెళతారు. వచ్చే ఏడు మళ్లీ గేటు మీద దుప్పటి కప్పుకుంటాం. ఆ పై ఏడు కూడా. అమ్మమ్మ పోయాక ఎవరి చెయ్యని చెబుతాం?

గిన్నెలు కింద పెట్టాను. "తిప్పింది నేను దోన్యా" అన్నాను.

పిన్ని నవ్వేసింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, పార్లర్‌లో జుట్టు కాలినప్పుడు నవ్వే నవ్వు. "పిల్ల కాస్త సాయం చేసిందిలెండి."

"సాయం కాదు పిన్నీ. మొదటినుంచి చివరిదాకా నేనే. వేరే చెయ్యి పడలేదు. పడితే విరిగేదిగా?"

పెరట్లో అందరూ నా చేతుల వంక చూశారు. నేనూ చూశాను. తడికి మచ్చల అంచులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వెనక్కి పెట్టుకోవాలని మోచేతులు కదిలాయి. బలవంతాన ఆపుకున్నాను. ఆ పూట నేను చేసిన గొప్ప పని ఏదైనా ఉంటే అదొక్కటే.

"అది చెప్పింది నిజం" అంది అమ్మమ్మ. సోయిలా చేతుల్లోంచి తన చెయ్యి తీసుకుంది. "ఈ చెయ్యి చెంచా కూడా ఎత్తలేదు. నేనే దాయమన్నాను. తప్పు నాది."

చివరింటి ఆవిడ తన గిన్నె గోడ మీద పెట్టి, పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానంటూ బయలుదేరింది. గుడ్ ఫ్రైడే నాడు పొయ్యి మీద ఏం పెట్టిందో దేవుడికే తెలియాలి. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వెళ్లారు. ఒకావిడ పిల్ల చేతిలోంచి గిన్నె లాగేసుకుంది, పిల్ల గుక్కపెట్టింది. మిగిలినవాళ్లు వెళ్లలేదు, తాగనూ లేదు. గిన్నెల్లోకి చూస్తూ నిలబడ్డారు.

"పాలు విరగలేదా?" అన్నాడు దోన్ తియోఫిలో.

"లేదు" అన్నాను.

"అయితే ఇంకాస్త పొయ్యమ్మా" అని గిన్నె చాపాడు. పిన్ని గరిటె అందుకోబోయింది. ఆయన గిన్నె నా వైపు తిప్పాడు. నేను పోశాను. అంచు మీద కాస్త ఒలికింది, ఆయన వేలితో తుడుచుకుని నాకేశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు చెంచాలు కదిలించారు.

సోయిలా ఇంకా కదల్లేదు. ఆవిడ గిన్నెలో సగం ఉంది. నా చేతులు చూసింది, గిన్నె చూసింది. చెంచా ముంచింది. నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా మింగింది.

"లవంగం ఎక్కువైంది" అంది.

గిన్నె గుండిగ పక్కన పెట్టి, తల మీద నల్లముసుగు సర్దుకుని వెళ్లిపోయింది.

సగం గిన్నె వదిలింది లవంగం వల్లో, నా చెయ్యి వల్లో నాకు తెలీదు. ఆవిడ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు పిన్నీ నేనూ అమ్మమ్మా సగానికి పైగా మిగిలిన గుండిగ చుట్టూ కూర్చున్నాం. పిన్ని, "అయిపోయింది, వచ్చే ఏడు ఎవరొస్తారు" అని ముక్కు చీదుతోంది. నాకు ఏడుపు రావాలి. రాలేదు. నాకు ఒక్కటే తోచింది, సోయిలా అన్నది నిజమో కాదో చూడాలని.

నిన్న తెల్లవారుజాము నుంచి తిప్పానే కానీ ఒక్క చెంచా నోట్లో వేసుకోలేదు. సోయిలా వదిలిన గిన్నె తీసుకుని, ఆవిడ చెంచాతోనే తిన్నాను. చిక్కదనం సరిపోయింది. తీపి సరిపోయింది. చిలగడదుంప ముక్క చెదరకుండా ఉడికింది. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన కంగారులో, వేసిన లవంగాలు మళ్లీ వేసినట్టున్నాను.

లవంగం ఎక్కువైంది. నిజమే.

"వచ్చే ఏడు తగ్గిస్తా" అన్నాను.